పేరుపెట్టి చేసిన ప్రార్థన

మా ఇంట్లో వారానికి మూడుసార్లు చేపల కూర మొదలైనప్పుడు మా ఆయన దైవాధీనం గారు మొదటివారం సంతోషించారు, రెండోవారం ఊరుకున్నారు, మూడోవారం అడిగారు.

“ఏమోయ్, మనం మనుషులమా, కొల్లేటి కొంగలమా?”

“గుండెకి చేప మంచిదన్నారండీ.”

“నా గుండెకేం వచ్చింది?”

“రాకుండా అన్నమాట.”

ఆయన మళ్ళీ అన్నంలో తల దూర్చారు. ఏ పనికైనా కారణమంటూ ఒకటి కనిపిస్తే చాలు ఆయనకి, అది నిజమా కాదా అని తవ్వే అలవాటు లేదు. సంసారం సాఫీగా సాగడానికి ఇంతకంటే మంచి గుణం ఉండదని నా అభిప్రాయం.

అసలు కారణం గంగాదేవి. రేవు దగ్గరి పాలెం నుంచి రోజూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకొని, చిలకలపూడి స్టేషను వెనక మా వీధిలోకి వస్తుంది. నా ఈడుదే. “కానాగంతలమ్మా, కవళ్ళమ్మా” అని కేక వేస్తే వీధి చివర కుట్టుమిషను కూడా ఒక్క క్షణం ఆగేది. రెండువేల మూడులో, ఎండాకాలం వెళ్ళాక, ఆ కేక సగంలో తెగడం మొదలైంది. కానాగంతల దగ్గర దగ్గు వచ్చేది, కవళ్ళు వినపడేవి కావు. జాకెట్టు భుజాల మీంచి జారుతుండేది. ఏమిటని అడిగితే, “ఉప్పుగాలి పడట్లేదమ్మా” అనేది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఉప్పుగాలి పడకపోవడమేమిటో నాకర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే మా సంఘంలోని స్త్రీల సమాజానికి గోవర్ధనరావు గారు వచ్చారు. క్షయ నివారణ పథకంలో సూపర్‌వైజరు. మోటారుసైకిలు మీద బందరు నుంచి దివిసీమ కొస దాకా తిరిగి తిరిగి మనిషి ఎండుచేపలా అయ్యారు. మా సమాజం చాలా పాతది. ఏటా క్రిస్మస్‌కి ఆసుపత్రిలో రోగులకి రొట్టె, అరటిపండు పంచి, పాట పాడి వస్తాం. ఆ పాట వినలేక లేచి ఇంటికి నడిచి వెళ్ళిన రోగులు కూడా ఉన్నారు కాబట్టి మాది ఆరోగ్య కార్యక్రమం కిందే లెక్క.

“టౌన్లో ఒకరికి వస్తే, పాలేల్లో, నాగాయలంక వైపు యానాదుల గుడిసెల్లో ఎందరికో వస్తోందండీ,” అన్నారాయన. “మందు అందరికీ ఒకటే. ఉచితం కూడా. కానీ టౌన్లోవాళ్ళకి నయమవుతోంది, అక్కడివాళ్ళు పోతున్నారు.”

“వాళ్ళకి శుభ్రత తక్కువ కదండీ,” అన్నారు మా కార్యదర్శి కృపావతి గారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు, మేమంతా ఇప్పటికీ ఆవిడ ముందు చేతులు కట్టుకునే కూర్చుంటాం. మా తలలు ఊగాయి. అందులో నాదీ ఒకటి. నిజానికి ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందిమి ఊరి బయటి పల్లెల్లోంచి పైకొచ్చినవాళ్ళం. మా అవ్వల్ని వరండాలోనే నిలబెట్టి, ఎత్తు నుంచి మందు పోసిన కథలు విని పెరిగినవాళ్ళం. అయినా తల అలవాటైన వైపే ఊగుతుంది.

గోవర్ధనరావు గారు విసుక్కోలేదు. “శుభ్రత సంగతి నాకు తెలీదండీ. మందులిచ్చే గది తొమ్మిదింటికి తీస్తారు. ఆ టైముకి చేపలామె వీధుల్లో ఉంటుంది. బేరం వదులుకుని వచ్చిందనుకోండి, గంప బయటపెట్టి రమ్మంటారు. బయటపెడితే పిల్లులూ కాకులూ ఊరుకోవు కదండీ. మందా, గంపా అని ఆవిడ తేల్చుకోవాలి. గంపనే తేల్చుకుంటుంది.”

అందుకని ఆయన అడిగింది ఇదీ: ఈ మాత్రలు సోమ, బుధ, శుక్రవారాల్లో ఒకరి కళ్ళెదుట మింగాలి. మింగించి చూసే మనిషి కావాలి. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళయితే మరీ మేలు. నేను బీఏ చదివి ఇంటిపట్టున ఉన్నందుకు ఇన్నాళ్ళకి నాకొక ప్రభుత్వోద్యోగం వచ్చింది. జీతం లేదు, అంతే.

గోవర్ధనరావు గారిచ్చిన జాబితా చూసి కృపావతి గారు రోగుల్ని మా అందరికీ పంచారు. అందులో గంగాదేవి పేరూ ఉంది. ఎలాగూ మా వీధికే వస్తుంది కాబట్టి గంగాదేవిని నేను అడిగి తీసుకున్నాను. కఫం పరీక్షలో తేలింది, ఉప్పుగాలి కాదు.

గంగాదేవి మొదటిరోజే మా పెరట్లో నిలబడి ఒక్కటే షరతు పెట్టింది.

“ఎవరికీ తెలీకూడదమ్మా. మా ఆయన పోలయ్యకి తెలుసు, మీకు తెలుసు. అక్కడితో ఆగాలి. ఈ ముక్క బయటికెళ్తే నా చేప ఎవరు కొంటారు? గంప దించితే ఇంట్లో పొయ్యి ఆర్పినట్టే.”

“డాక్టర్లు చేపల ద్వారా రాదంటున్నారే. మందు మొదలెట్టిన కొద్దిరోజులకి దగ్గితే కూడా అంటదట.”

“డాక్టర్లు నా దగ్గర చేపలు కొనరమ్మా.”

అలా మా నాటకం మొదలైంది. ఆ మూడు రోజుల్లో నేను చేపలు కొంటాను. పొలుసు తీసి ఇవ్వడానికి ఆవిడ పెరట్లోకి వస్తుంది. కత్తిపీట ముందు కూర్చుని, ఒక చేత్తో బూడిద రాస్తూ, రెండో చేత్తో గుప్పెడు మాత్రలు ఒకటొకటిగా మింగుతుంది. నేను పక్కన నిలబడి బేరం ఆడుతున్నట్టు కొంచెం గట్టిగా మాట్లాడతాను. “ఇంత చిన్నవాటికి అంత చెప్తావేం?” అని నేనంటే, గొంతులో మాత్ర అడ్డంపడ్డా సరే, “మీ కళ్ళకి తిమింగలం కూడా చిన్నదేనమ్మా” అని అందుకునేది. ఒకరోజు భయపడుతూ, ఒంటికి వెళ్తే ఎర్రగా వస్తోందని చెప్పింది. మందు రంగు అది, మంచిదేనని చెప్పాను. “అయితే కలంకారీ వాళ్ళకి అమ్ముకోవచ్చు,” అంది.

మా ఆయనకి కొన్నాళ్ళకి కారం డబ్బా వెనక మాత్రల పెట్టె కనిపించింది. సంగతంతా విని, మెల్లిగా అన్నారు.

“మంచిపనే. కాకపోతే ఆవిడకి నీళ్ళిచ్చే గ్లాసు ఒకటి విడిగా పెడితే...”

“మీ నాయనమ్మకి మొవ్వలో పెద్దిళ్ళవాళ్ళు విడిగా పెట్టేవారు కదండీ, ఆ గ్లాసు మన అటక మీద ఉందేమో వెతకండి.”

ఆయన మళ్ళీ గ్లాసు మాటెత్తలేదు. చేపల కూర గురించీ ఎత్తలేదు.

నెల దాటేసరికి దగ్గు తగ్గింది. జాకెట్టు భుజాల మీద నిలబడింది. ఒక పొద్దున వీధి మొదట్లో “కానాగంతలమ్మా, కవళ్ళమ్మా” అని కేక మొత్తం వినపడింది. నేను వంటింట్లో ఉండి, ఎవరూ చూడటం లేదు కదా అని, కాస్త నవ్వుకున్నాను.

ఇక్కడ మా సమాజం ఆచారం ఒకటి చెప్పాలి. శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో కూడతాం. పాట, వాక్యం అయ్యాక ప్రార్థన మనవులు. ఎవరింట్లో ఏ కష్టముందో ఒక్కొక్కరూ చెబుతారు, అందరం కళ్ళు మూసుకుని దేవుడికి విన్నవిస్తాం. ఫలానా అమ్మాయికి సంబంధం తప్పిపోయింది, ఫలానా ఆయన మళ్ళీ తాగుతున్నాడు, ఫలానావారి కోడలు పుట్టింటికి వెళ్ళి రావడం లేదు. మాలో ఇతరుల సంగతులు మాట్లాడుకోవడం పాపం. ప్రార్థించడం పుణ్యం. అందుకని మేం ఎంత ప్రార్థిస్తామో చెప్పలేను.

ఆ శనివారం కృపావతి గారింట్లో కూడిక. చివర్లో ఆవిడే ప్రార్థన అందుకున్నారు. ఆవిడ గొంతు బాగుంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది, వెనక బెంచీకి కూడా వినపడుతుంది.

“దయగల తండ్రీ, చిలకలపూడి వీధులలో చేపలమ్ముకొని బ్రతుకుచున్న నీ బిడ్డ గంగాదేవిని, క్షయవ్యాధిచేత కృశించుచున్న ఆమెను, నీ హస్తముతో ముట్టి స్వస్థపరచుము.”

మామూలుగా ఆమేన్ అన్నాక కళ్ళు తెరుస్తాం. నేను ముందే తెరిచాను. చూస్తే నాతోపాటు ఇంకా చాలా జతల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అవన్నీ గంగాదేవి దగ్గర చేపలు కొనే ఇళ్ళ కళ్ళు.

అందరూ టీ తాగుతుండగా కృపావతి గారి పక్కకి వెళ్ళాను. “అమ్మగారూ, పేరు చెప్పకుండా ప్రార్థన చేయొచ్చు కదండీ.”

“ఎవరి కోసమో దేవుడికి తెలియాలి కదమ్మా.”

“ఆయనకి తెలీదంటారా?”

కాపీ కొడుతూ దొరికిన పిల్లని చూసినట్టు చూశారు. ఆవిడ మనసులో చెడ్డ ఉద్దేశం రవ్వంత కూడా లేదు. అదే బాధ. చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకోవచ్చు.

శనివారం ప్రార్థించింది క్రైస్తవులమే అయినా, సోమవారం తెల్లారేసరికి హిందువులకీ ముస్లిములకీ కూడా తెలిసిపోయింది. ఇలాంటి విషయాల్లో మా బందరులో మతభేదాలు లేవు. ఆ పొద్దున గంగాదేవి వీధి పొడుగునా కేక వేసుకుంటూ నడిచింది. మాత్రలు మింగడానికి మా పెరట్లోకి వచ్చినప్పుడు గంప బరువుగానే ఉంది. “ఇవాళ ఎవరింట్లోనూ మనుషుల్లేరేంటమ్మా?” అంది. నేను గ్లాసులో నీళ్ళు పోసి అందించాను. బుధవారం పక్కింటి దుర్గ గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

“నీకు టీబీ అంట కదా. ఆ చేతుల్తోనే మా చేపలు కోసేదానివా?”

గంగాదేవి గంప ఎత్తుకుని, నా గుమ్మం వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు మాత్రలు మింగలేదు.

“అక్కయ్యగారూ, మీకు ముందే తెలుసా?” అని దుర్గ నన్నడిగింది.

“తెలుసు.”

“తెలిసి కూడా తిన్నారా?”

“ఇంకా బతికే ఉన్నాను, చూడు,” అన్నాను. ఆ వారమంతా దుర్గ నా ఇంటి పెరుగు తోడుకి కూడా రాలేదు.

శుక్రవారం గంగాదేవి రాలేదు. తర్వాతి సోమవారమూ రాలేదు. మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ లేస్తుందనీ, లేచినప్పుడు ఈ మందుకి లొంగకపోవచ్చుననీ గోవర్ధనరావు గారు మొదటిరోజే చెప్పారు. లొంగకపోతే ఏమవుతుందో చెప్పలేదు. మేమూ అడగలేదు. మాత్రల పెట్టె సంచీలో వేసుకుని పాలెం వెళ్ళాను.

గంగాదేవి ఇంటి ముందు గోనెపట్టా పరిచి, అమ్ముడుపోని చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు. వీధి కుళాయి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం బిందెలు వదిలేసి నన్నే చూశారు.

“ఎవరు చెప్పారమ్మా?” అంది, తల ఎత్తకుండా.

“ఎవరూ చెప్పలేదు గంగాదేవీ. నీకు నయం కావాలని మా సమాజంలో ప్రార్థన చేశారు. పేరుపెట్టి చేశారు.”

“రెండిటికీ తేడా ఏంటమ్మా?”

నా బీఏలో ఆ ప్రశ్న రాలేదు.

“కుళాయి దగ్గర అందరి తర్వాత పట్టుకోమంటున్నారు,” అంది. “సరే, పట్టుకుంటాను. మా ఆయన్ని పడవ ఎక్కనివ్వట్లేదు. ఆయనకేం జబ్బు లేదు, పరీక్ష చేసి చెప్పారుగా. అయినా ఒక పడవలో నాలుగు రోజులు ఒకే కుండ నీళ్ళు తాగాలి, భయమంటున్నారు. ఇప్పుడు చెప్పండి, ఏం తిని మింగమంటారు మీ మాత్రలు?”

“మధ్యలో మానేస్తే ప్రాణానికే ముప్పు.”

“దగ్గు తగ్గిందిగా.”

“తగ్గింది, పోలేదు.”

“నా గిరాకీ పోయింది. అది చూడండి ముందు.”

పెట్టె తీయబోతే కుళాయి వైపు చూసి, వద్దని తల ఊపింది. వచ్చిన దారినే తిరిగొచ్చాను.

ఆ శనివారం కూడికలో మనవులు అడిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను. నేనెప్పుడూ మనవులు చెప్పను కాబట్టి అందరూ శ్రద్ధగా విన్నారు.

“మన కార్యదర్శి కృపావతి గారు మొలల వ్యాధితో కూర్చోలేక చాలా బాధపడుతున్నారు. దిండు లేకుండా కూర్చునే కృప దేవుడు ఆవిడకి అనుగ్రహించాలని ప్రార్థించండి. అలాగే మన కోశాధికారి గారి కట్టుడు పళ్ళు పాట మధ్యలో జారకుండా...”

ఆ హాల్లో ఫ్యాను శబ్దం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం కృపావతి గారు మా ఇంటికి వచ్చారు. తిడతారనుకున్నాను. కుర్చీ అంచున జాగ్రత్తగా కూర్చుని, మంచినీళ్ళు తాగి, అన్నారు.

“నా మీద కోపం తీర్చుకున్నావు. బాగానే ఉంది. మరి దానివల్ల గంగాదేవికేం ఒరిగింది?”

“ఏమీ ఒరగలేదండీ.” అది నిజం. నాకు మాత్రం కొంచెం ఒరిగింది, కానీ ఆ మాట చెప్పలేదు.

“రాత్రంతా ఆలోచించాను. చెడగొట్టింది మనం. మనమే కొందాం. సమాజంలో ప్రతి ఇల్లూ ఆవిడ దగ్గరే చేప కొనాలి. నేను చెబుతాను, ఎవరు కాదంటారో చూస్తాను.”

ఆవిడే నాతో పాలెం వచ్చారు. ఆ ఇసకలో, ఆ నొప్పితో, రిక్షా వెళ్ళలేని చోట దిగి నడిచారు. గంగాదేవి ఎదుట నిలబడి, “నా వల్ల తప్పు జరిగిందమ్మా,” అన్నారు. హెడ్మిస్ట్రెస్ నోట ఆ మాట మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. గంగాదేవి గోనెపట్టా మీది చేపల్ని తిరగేస్తూ, “సోమవారం వస్తాను,” అంది.

వచ్చింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. సమాజం ఆడవాళ్ళంతా మాట ప్రకారం గుమ్మాల్లోకి వచ్చి, బేరమాడకుండా, నవ్వుతూ కొన్నారు. ఒక వారం గడిచింది. రెండోవారం మధ్యలో గంగాదేవి మా పెరట్లో మాత్రలు మింగి, గ్లాసు బోర్లించి, మామూలుగా చెప్పింది.

“అమ్మా, బందరు పిల్లులు నా పేరు చెప్పుకుని బలుస్తున్నాయి.”

“అంటే?”

“కొన్నవాళ్ళు తినట్లేదు. మీ సందు మలుపులో చెత్తకుప్ప మీద నిన్నటి చందువలు ఉన్నాయి. పొలుసు తీసింది నేనే. నా కత్తిగాటు నాకు తెలీదా?”

“కృపావతి గారు తింటున్నారు,” అన్నాను. అది నిజమే. మొలలకి చేప పడదని ఇంట్లోవాళ్ళు గోలపెట్టినా వినకుండా తింటున్నారని తర్వాత తెలిసింది.

“ఆవిడొక్కతే ఎంత తింటుందమ్మా?” గంగాదేవి గంప సర్దుకుంది. “మా ఆయన రెక్కాడించి తెచ్చిన చేప అది. పక్క పాలెంవాళ్ళ పడవ మీద కూలికి వెళ్ళి తెస్తున్నాడిప్పుడు.  దానం చేయాలనుంటే డబ్బులిచ్చి చేయండి, చేపని ఇలా చేయొద్దు. నేను వచ్చే సోమవారం నుంచి గుడివాడ వెళ్తాను. పొద్దుట ప్యాసింజరుకి. అక్కడ నా మొహం ఎవరికీ తెలీదు.”

“మరి మాత్రలు?”

“మీరే చెప్పండి.”

గోవర్ధనరావు గారిని అడిగాను. గుడివాడ కేంద్రానికి బదిలీ కాగితం రాసిస్తానన్నారు.

“అక్కడ ఎన్నింటికి తీస్తారండీ?”

“తొమ్మిదింటికే.”

“గంప?”

ఆయన తల గోక్కున్నారు. “బయటేనండీ.”

“రైల్లో మింగిస్తే రూలు ఒప్పుకుంటుందా?”

“రైల్లో అని రూల్లో లేదండీ. రైల్లో కాదనీ లేదు.”

ఆ లెక్కన చిలకలపూడిలో నేనూ రైలెక్కడం, పెడన వచ్చేలోగా మాత్రలు మింగించడం, పెడనలో దిగి బస్సులో ఇంటికి రావడం అని తేలింది. మా ఆయన ఏమంటారోనని భయపడుతూ చెప్పాను. ఆయన టిక్కెట్టుకి చిల్లర వెతుకుతూ, “అయితే ఇక ఇంట్లో వంకాయ కూరేనా?” అన్నారు. ఆ గొంతులో ఆశ దాచుకోలేకపోయారు.

మొదటి సోమవారం ఏ ఇబ్బందీ రాలేదు. గంగాదేవి తలుపు దగ్గర కింద కూర్చుని ఉంది, పక్కన గంప. పాలెం నుంచి వచ్చే మిగతా చేపల ఆడవాళ్ళు వేరే పెట్టెలో ఎక్కారు, ఎందుకో అడగనక్కర్లేదు. నేను తన పక్కనే నేల మీద చతికిలబడ్డాను. చిలకలపూడి గట్టు దాటేలోగా మింగేసింది.

బుధవారం పెట్టె నిండా జనం ఉన్నారు. నేను అట్ట చింపి మాత్రలు అరచేతిలో పోసుకుంటున్నాను. గంగాదేవి చేయి చాపబోయింది. ఎదుటి సీట్లో ఒకావిడ, భుజాన తోలు సంచీ, ఒళ్ళో టిఫిను డబ్బా, గుడ్లవల్లేరు కాలేజీలో పనిచేస్తారనుకుంటాను, ముందుకు వంగి అడిగారు.

“అన్ని మాత్రలేంటండీ ఒకేసారి? దేనికవి?”

గంగాదేవి చేయి వెనక్కి వెళ్ళి చీర కుచ్చిళ్ళలో దాక్కుంది. మొహం ఎలా అయిందంటే, దుర్గ గుమ్మంలో ఆ రోజు చూసిన మొహమే. గుడివాడ కూడా పోతే ఇక ఈ రైలు వెళ్ళే ఊళ్ళు తనకి ఎన్ని మిగులుతాయి?

“నావేనండీ,” అన్నాను. “టీబీకి.”

ఎందుకన్నానో నాకే తెలీదు. బీపీ అంటే సరిపోయేది. ఆవిడ చప్పున వెనక్కి వాలి, పైట ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన కిటికీ తలుపు ఇంకాస్త పైకెత్తాడు. నా చుట్టూ ప్యాసింజరు పెట్టెలో ఎప్పుడూ దొరకనంత ఖాళీ ఏర్పడింది. ఆవిడకి నా మీద జాలి కలిగినట్టే ఉంది. కానీ చేపల మీద ఇంకా ఎక్కువ కలిగింది.

“ఏమమ్మా, నిన్నే,” అని గంగాదేవిని పిలిచారు. “ఆవిడ పక్కన ఆ గంప పెట్టుకోకు. తినే వస్తువు కదా. ఇటు తీసుకొచ్చుకో. ఏం చేపలు అవి?”

గంగాదేవి ఒక్కసారి నావైపు చూసింది. తర్వాత గంపని నేల మీద ఈడ్చుకుంటూ అటు జరిగింది. “చందువలండి. పొద్దున దిగినవే,” అంది.

మాత్రలు నా అరచేతిలో చెమటకి తడుస్తున్నాయి. పెడన వచ్చింది. అద్దకం దుప్పట్ల మూటలవాళ్ళు ఎక్కారు, కొందరు దిగారు. నేను దిగలేదు. నా కళ్ళెదుట మింగలేదు కదా. రైలు కదిలింది. వడ్లమన్నాడు, కవుతరం. అటు వైపు ఆవిడ చందువల్ని వేలితో నొక్కి చూస్తున్నారు, గంగాదేవి మొప్పలు ఎత్తి ఎరుపు చూపిస్తోంది. ఇద్దరూ బేరంలో పడ్డారు. ఇటు నేను, చుట్టూ ఖాళీ, పిడికిలి బిగించుకుని. ఒకసారి గొంతులో ఏదో అడ్డంపడి దగ్గాను. నిజంగా చిన్న దగ్గే. అన్ని తలలూ తిరిగాయి. గంగాదేవి ఇన్నాళ్ళూ ఈ దగ్గుని ఎలా నొక్కిపెట్టి ఉంటుందా అనిపించింది.

గుడ్లవల్లేరులో ఆవిడ, కాలేజీ పిల్లలు, పెట్టెలో సగం దిగిపోయారు. చేపలు కొనలేదు, కాలేజీలో ఎక్కడ పెట్టుకుంటానని అన్నారట. రైలు కదిలాక గంగాదేవి నా పక్కకి వచ్చింది. చేయి చాపింది. చెమటకి రంగు వదిలిన మాత్రల్ని ఒకటొకటిగా మింగి, నోరు తెరిచి చూపించింది. అది గోవర్ధనరావు గారి రూలు.

“కోపం వచ్చిందా?” అన్నాను.

“ఎందుకమ్మా కోపం?” అని బయటికి చూసింది. వరి కోతలు ఇంకా మొదలవలేదు. “మీరు చెప్తే పక్కకి జరిగారు. నేను చెప్పుంటే దింపేసేవాళ్ళు. అది ఆలోచిస్తున్నాను.”

ఖాళీ అట్ట సంచీలో వేసుకున్నాను. ఇంకా ఎన్ని వారాలుందో ఇద్దరికీ తెలుసు. మధ్యలో పోయిన రోజుల వల్ల ఏమవుతుందో మళ్ళీ కఫం పరీక్ష చేస్తే కానీ ఎవరికీ తెలీదు.

గుడివాడలో ప్లాట్‌ఫారం మీద గంప ఎత్తించమంది. ఇద్దరం చెరో అంచూ పట్టుకుని లేపాం. తల మీది గుడ్డచుట్ట మీద సర్దుకుంది. మార్కెట్టు ఎటో నాకూ తెలుసు, బస్టాండు అటే. కలిసి నడుద్దామని నేను అడుగు ముందుకు వేస్తే, గంప కదలకుండా మెడ మాత్రం నావైపు తిప్పింది.

“మీరు నా పక్కన రాకండమ్మా. మన పెట్టెలోవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు. టీబీ ఆవిడతో తిరుగుతోందంటారు, బేరం పోద్ది. కాస్త ఆగి బయల్దేరండి.”

ఆగాను. టీకొట్టు పక్కన నిలబడి చూశాను. గేటు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ నాలుగడుగులు వెనక్కి వచ్చింది. దగ్గరికి మాత్రం రాలేదు, దూరం నుంచే అంది.

“ఎల్లుండి వెనక పెట్టెలో ఎక్కుతానమ్మా. మీరూ అక్కడికే రండి. ఈ పెట్టెలో మీ మొహం తెలిసిపోయింది.”